కంచె బలం మూలల్లో ఉంటుంది

ఇంటి పనులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానలు తగ్గి నేల ఆరేసరికి ఖాళీ స్థలాల మీదికి అందరి ధ్యాసా మళ్లినట్టుంది. ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం చైన్‌లింక్ కంచె గురించే. తీగను వజ్రాకారపు గడులుగా అల్లిన జాలీని స్తంభాలకు బిగించేదే ఈ కంచె. పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ బడులకూ ఆరోగ్య ఉపకేంద్రాలకూ ఈ కంచెలు వేయిస్తూనే ఉన్నాను కాబట్టి ఇది నాకు ఇష్టమైన విషయమే. ఒకే రకం ప్రశ్నలను కలిపి కొన్నిటికి జవాబులు రాస్తున్నాను.

*

"నంద్యాల శివారులో 5 సెంట్ల స్థలం కొన్నాం. వెడల్పు 36 అడుగులు, పొడవు అరవైన్నర అడుగులు. ఇల్లు కట్టడానికి ఇంకా రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోగా చుట్టూ చైన్‌లింక్ వేయించాలని ఉంది. మాది నల్లరేగడి నేల. పక్కవారు నిరుడు వేయించిన కంచె అప్పుడే ఒరిగిపోయింది. ఎన్ని గేజుల జాలీ తీసుకోవాలి? ఎన్ని స్తంభాలు పడతాయి?"
– ఒక పాఠకురాలు, నంద్యాల

అమ్మా, మీరు గేజి (తీగ మందం) గురించి అడిగారు గానీ, అసలు జవాబు మీ పక్కవారి కంచెలోనే ఉంది. వెళ్లి దగ్గరగా చూడండి. ఒరిగినవి స్తంభాలు. వాటిలోనూ మొదట ఒరిగింది మూల స్తంభమే అయి ఉంటుంది. జాలీని బిగించి లాగినప్పుడు మధ్య స్తంభాలకు అటూ ఇటూ లాగుడు సమానంగా ఉంటుంది కాబట్టి వాటికి పెద్ద శ్రమ లేదు. మూల స్తంభాన్ని మాత్రం రెండు వరుసలూ లోపలికే గుంజుతాయి. దాన్ని ఆపేది ఏదీ లేకపోతే అది రోజుకింత వంగుతుంది, జాలీ వదులవుతుంది, ఆ తర్వాత ఒక గేదె వచ్చి వీపు రుద్దుకుంటే చాలు. జనం డబ్బంతా జాలీ మీద పెట్టి మూలల దగ్గర కక్కుర్తి పడతారు. నన్నడిగితే అది తిరగేయాలి.

ముందు లెక్క చూద్దాం. మీ స్థలం చుట్టుకొలత 193 అడుగులు. గేటుకు 12 అడుగులు వదలండి. "ఖాళీ స్థలానికి అంత గేటెందుకు" అని మేస్త్రీ అంటాడు. రేపు బోరు బండి లోపలికి రావాలన్నా, ఇసుక లారీ తిరగాలన్నా అంత దారి కావాలి. చిన్న గేటు పెట్టించుకుని బోరు వేసే రోజున స్తంభాలు పీకించినవారిని చాలామందిని చూశాను. గేటు లోపలికే తెరుచుకోవాలి, రోడ్డు మీదికి కాదు.

మిగిలింది 181 అడుగులు. స్తంభానికీ స్తంభానికీ మధ్య 8 అడుగులు మించకుండా చూస్తే పొడవు వైపులు ఒక్కొక్కటి 8 భాగాలు, వెనుక వైపు 5, ముందు గేటు పోగా 3 భాగాలు వస్తాయి. మూలలు నాలుగు, గేటు స్తంభాలు రెండు, మధ్యవి 19, మొత్తం 25. ఇవి కాక ఏటవాలు స్తంభాలు కావాలి. ప్రతి మూలకు రెండు వరుసల వెంబడీ చెరొకటి, గేటు స్తంభాలకు ఒక్కొక్కటి, వెరసి 10. కంట్రాక్టరు ఇచ్చే కొటేషన్‌లో ఈ 10 ఉన్నాయో లేదో మొదట చూడండి. ఉండవు. అడిగితే "అవసరం లేదండీ, కాంక్రీటు పోస్తాం కదా" అంటారు. వినకండి. ఏటవాలు స్తంభం పైకొస మూల స్తంభాన్ని మూడింట రెండు వంతుల ఎత్తులో తాకాలి, అడుగు కొస కంచె గీత మీదే నేలలో కాంక్రీటులో కూర్చోవాలి.

స్తంభాలు 7 అడుగుల సిమెంటువి తీసుకుంటే 2 అడుగులు నేలలోకి పోయి 5 అడుగుల కంచె నిలుస్తుంది. పైన రెండు వరుసల ముళ్లతీగ కూడా కావాలంటే 8 అడుగులవి తీసుకోండి. మూలలకు రెండున్నర అడుగుల లోతు కావాలి కాబట్టి వాటికి అర అడుగు పొడవైనవి అడగండి.

ఇక మీ నల్లరేగడి సంగతి. ఈ మన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలు విచ్చుతుంది. ఉబ్బినప్పుడు పక్కనున్న కాంక్రీటును పట్టుకుని పైకి లేపుతుంది, ఎండినప్పుడు వదిలేస్తుంది. రెండు వానాకాలాలకు స్తంభం కదలడం మొదలవుతుంది. దీనికి తోడు మన కూలీలు గడ్డపారతో గుంత తవ్వితే పైన వెడల్పుగా, అడుగుకు పోయేకొద్దీ సన్నగా ముల్లంగి ఆకారంలో వస్తుంది. ఆ ఆకారాన్ని పైకి నెట్టడం నేలకు మహా సులువు. గుంత పక్కలు నిలువుగా ఉండాలి, అడుగున నాలుగు వైపులా ఇంకో రెండు మూడంగుళాలు తొలిచి వెడల్పు చేయించాలి. నల్లరేగడిలో ఇళ్ల పునాదుల కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వారు రూపొందించిన, నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలైన పైల్స్‌కూ కింది భాగం ఉబ్బెత్తుగానే ఉంటుంది. నేల పైకి లాగినా ఆ వెడల్పు భాగం అడ్డుపడుతుంది. అదే సూత్రం మీ రెండడుగుల గుంతకూ పనికొస్తుంది, పైసా ఎక్కువ ఖర్చు లేదు. పని జరిగే రోజున మీరు గుంతలోకి తొంగి చూడడమే ఖర్చు.

మధ్య గుంతలు అడుగు చదరం, మూలలవీ గేటువీ అడుగున్నర చదరం. సిమెంటు ఒకటి, ఇసుక రెండు, కంకర నాలుగు పాళ్లు. మొత్తం మీద 15 బస్తాల సిమెంటు దాకా పడుతుంది. అయిదారు బస్తాలతో సరిపెడతానన్నారంటే గుంతల్లో రాళ్లూ మట్టీ వేసి పైన పూత పూస్తారని అర్థం. కాంక్రీటు పైభాగం నేల కంటే కాస్త ఎత్తుగా, స్తంభం నుంచి బయటికి వాలుగా ఉంచితే నీళ్లు స్తంభం మొదలు దగ్గర నిలవవు. వారం రోజులు తడపాలి. ఆ వారం గడిచేదాకా జాలీ చుట్ట విప్పనివ్వకండి. పచ్చి కాంక్రీటు మీద జాలీ లాగితే పైన చెప్పిన జాగ్రత్తలన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

ఇప్పుడు గేజి. సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి. 8 గేజి తీగ మందం 4 మిల్లీమీటర్లు, 10 గేజి మూడుంపావు, 12 గేజి రెండున్నరకు కొంచెం పైన. కంటికి 10కీ 12కీ తేడా తెలియదు, కొట్లో జరిగే మాయ అక్కడే. తూకం మాత్రం మాయ చేయదు. 5 అడుగుల ఎత్తు, 50 అడుగుల పొడవు ఉన్న చుట్ట, 2 అంగుళాల గడి, 10 గేజి అయితే సుమారు 60 కిలోలు తూగాలి. అదే చుట్ట 12 గేజి అయితే 40 కిలోలే. చదరపు అడుగుల లెక్కన కొంటున్నా సరే, ఒక చుట్టను కాటా మీద పెట్టమనండి. అమ్మే మనిషి ముఖం చూస్తే సగం జవాబు అక్కడే తెలుస్తుంది. మీకు నాలుగు చుట్టలు పడతాయి.

ఇంకో విశేషం. 10 గేజిలో 3 అంగుళాల గడి తీసుకుంటే అదీ చుట్టకు 40 కిలోలే, అంటే 12 గేజిలో 2 అంగుళాల గడితో సమానం. దాదాపు అదే డబ్బుకు సన్నతీగ చిన్నగడి కావాలా, లావుతీగ పెద్దగడి కావాలా అన్నది మీ ఇష్టం. కోళ్లూ కుక్కపిల్లలూ తిరిగే ఇంటికి చిన్నగడి మేలు. మీది ఖాళీ స్థలం, తోసేది పశువులు. నేనైతే లావుతీగే తీసుకుంటాను. తుప్పు పట్టి తెగడానికీ దానికే ఎక్కువ కాలం పడుతుంది. రేపు ప్రహరీ కట్టుకున్నాక విప్పి పెరట్లో వాడుకోవచ్చు.

జాలీ కట్టేముందు పైన, మధ్యన, కింద మూడు వరుసల జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) తీగ స్తంభాల గుండా లాగి, మర తిప్పితే బిగుసుకునే టర్న్‌బకుల్‌తో బిగించాలి. జాలీని దానికి కట్టే తీగ కూడా జీఐదే కావాలి. స్లాబు ఇనుముకు వాడే నల్ల కట్టుతీగతో కట్టి పోతుంటారు. అది ఏడాది తిరక్కుండా తుప్పుపట్టి రాలిపోతుంది, జాలీ బాగానే ఉండి కంచె మాత్రం జారుతుంది. బిగువు సరిపోయిందా లేదా చూడడానికి ఒక గడిలో ఎదురెదురు తీగలను బొటనవేలితో, చూపుడువేలితో నొక్కండి. పావు అంగుళం కదిలితే సరైన బిగువు. అసలు కదలకపోతే ఎక్కువ లాగారు, మూలలకు కష్టం. అరంగుళం పైగా కదిలితే మళ్లీ లాగమనండి.

రెండు చుట్టలు కలిసే చోట ఒకదాని మీద ఒకటి వేసి కట్టేస్తే ఒప్పుకోకండి. చైన్‌లింక్ అల్లికలో ప్రతి తీగా విడిగా వస్తుంది. ఒక చుట్ట చివరి తీగకు పైనా కిందా మడిచిన కొసలు విప్పి, గుండ్రంగా తిప్పుతూ పైకి లాగితే మొత్తం ఊడివస్తుంది. రెండు చుట్టల అంచులనూ పక్కపక్కన పెట్టి అదే తీగను మళ్లీ తిప్పుతూ దించితే రెండూ ఒకటే జాలీ అవుతాయి, అతుకు ఎక్కడో కనిపించదు. ఈ పని తెలిసిన మనిషి దొరికితే మిగతా పనీ తెలిసినవాడే అనుకోవచ్చు.

*

"సిద్దిపేట దగ్గర మాకు 200 గజాల ప్లాటు ఉంది, 30 అడుగులు, 60 అడుగులు. మేం హైదరాబాదులో ఉంటాం. పక్క ప్లాటు ఆయన ఇద్దరికీ మధ్య హద్దు గీత మీదే కడీలు (కంచె స్తంభాలు) పాతి ఖర్చు చెరిసగం వేసుకుందామంటున్నారు. టేపు పెట్టి చూస్తే మా ముందువైపు ఇరవై తొమ్మిదిన్నర అడుగులే వస్తోంది. ఒప్పుకోవచ్చా?"
– ఒక పాఠకుడు, హైదరాబాదు

అర అడుగే కదా అనిపిస్తుంది. ఆ అర అడుగు వెనుక దాకా పోతే 30 చదరపు అడుగులు, అంటే మూడు గజాల పైమాట. మీ దగ్గర గజం ధర ఎంతో మీకే తెలుసు.

అయితే మీ పొరుగాయన్ని వెంటనే అనుమానించకండి. లేఅవుట్లలో జరిగేది ఏమిటంటే, వరుసలో మొదటి ప్లాటు వారు రాళ్ల దగ్గర రెండంగుళాలు అటు జరుగుతారు, ఆ పక్కవారు దాన్ని ఆధారం చేసుకుని కొలుస్తారు, తేడా పోగవుతూ వచ్చి చివర ఎవరి నెత్తినో పడుతుంది. అందుకే మీ ప్లాటు ఒక్కటే కొలిస్తే ఏమీ తేలదు. ఈ చివర రోడ్డు నుంచి ఆ చివర రోడ్డు దాకా వరుస మొత్తం కొలిచి, మంజూరైన లేఅవుట్ ప్లానుతో పోల్చండి. అప్పటికీ తేలకపోతే మీసేవలో సర్వేకు దరఖాస్తు చేసి, పక్కవారి సమక్షంలో కొలిపించి, పంచనామా మీద సంతకాలు తీసుకోండి. ప్రభుత్వం పాతిన హద్దురాయి కనిపిస్తే దాన్ని ఎవరూ కదపకూడదు, అది శిక్షార్హమైన నేరం. కంచె వేసే కూలీలు "అడ్డంగా ఉంది సార్" అని పీకి పక్కన పెట్టేస్తారు, ముందే చెప్పి ఉంచండి.

ఉమ్మడి కంచెకు నేను ఒప్పుకోను. ఈయన మంచివాడే కావచ్చు, రేపు ఆ ప్లాటు కొన్న మనిషి ఎలాంటివాడో ఎవరికి తెలుసు? మీ కడీలు పూర్తిగా మీ గీత లోపలే, మూడంగుళాలు వదిలి పాతించుకోండి. జాలీ కడీలకు బయటివైపు రావాలి. అప్పుడు బయటి నుంచి తోస్తే అది కడీకే ఆనుకుంటుంది, కట్లు తెగవు. ఖర్చు చూసి ఉమ్మడికే మొగ్గితే, ఎవరి స్థలంలో ఉంది, మరమ్మతు ఎవరిది అన్నది కాగితం మీద రాసుకోండి. అన్నదమ్ములైనా సరే.

దూరంగా ఉండేవారికి ఇంకో మాట. ఇతరులు మీ స్థలాన్ని బహిరంగంగా, మీ హక్కును కాదంటూ, ఆటంకం లేకుండా 12 ఏళ్లు అనుభవిస్తే 1963 నాటి కాలపరిమితి చట్టం వారి వైపు మాట్లాడే వీలుంది. కంచె మీకు కొత్తగా హక్కు ఇవ్వదు, ఆ హక్కు దస్తావేజులో ఉంది. కానీ కంచె వేసి ఏడాదికోసారి వెళ్లి ఒక ఫొటో తీసుకుని వచ్చే మనిషి స్థలంలో అంత ధైర్యంగా ఎవరూ పాక వేయరు.

*

"అమలాపురం దగ్గర కొబ్బరితోటలో ఇల్లు మాది. ఇనుప యాంగిల్ స్తంభాలు నాలుగేళ్లకే నేల దగ్గర తినేశాయి. వాటికే మళ్లీ రంగు వేయించాలా, మార్చాలా? కంచె మీద దొండపాదు పాకించవచ్చా?"
– ఒక పాఠకురాలు, అమలాపురం

మార్చండి తల్లీ. నేల దగ్గర తినేసిన యాంగిల్‌కు పైన సిల్వర్ పెయింటు వేస్తే చూడ్డానికి బాగుంటుంది, అంతే. మీ దగ్గర ఉప్పుగాలి, తడి నేల రెండూ ఉన్నాయి. ఇనుము ఎప్పుడూ నేలా గాలీ కలిసే ఆ బెత్తెడు మేరలోనే మొదట పోతుంది. సిమెంటు స్తంభాలకు మారండి. కొనేటప్పుడు మూలలు పగిలి లోపలి చువ్వ కనిపిస్తున్నవాటిని తీసుకోకండి. కాంక్రీటు కలిపే నీళ్లు తియ్యటివి కావాలి, ఉప్పునీటి బావివి వద్దు, సముద్రపు ఇసుక అసలే వద్దు.

జాలీ మీద జింకు పూత ఎంత మందంగా ఉంటే మీకు అంత మంచిది. ఇనుము కంటే ముందు జింకు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది, అది అయిపోయిన రోజు నుంచే తుప్పు మొదలు. పైన ప్లాస్టిక్ పూత ఉన్న ఆకుపచ్చ జాలీ అయితే ఇంకా కొన్నేళ్లు వస్తుంది. అయితే కత్తిరించిన ప్రతి కొసా తెరిచిన పుండే కాబట్టి అక్కడ జింకు పెయింటు పూయించండి.

దొండపాదు వద్దంటే మీకు కోపం వస్తుందని తెలుసు. కానీ చైన్‌లింక్‌కు తుపాను గాలిలో ఉన్న గొప్ప సుగుణం గాలిని పోనివ్వడం. పాదు దట్టంగా అల్లుకున్నా, ఆకుపచ్చ నీడ వల కట్టినా గాలి ఆగుతుంది, ఆ బరువంతా స్తంభాల మీద పడుతుంది. ప్రహరీ గోడలు కూలే గాలికి మీ కంచె నిలవాలంటే దాన్ని ఖాళీగా ఉంచాలి. పైగా ఆకుల కింద తడి ఆరదు, పూత త్వరగా పోతుంది. దొండకు విడిగా పందిరి వేయండి.

*

"కోతులు, పందులు, పాములు. మూడింటికీ కలిపి ఏదైనా ఉపాయం చెప్పండి. కంచెకు రాత్రిపూట కరెంటు ఇస్తే ఎలా ఉంటుంది?"
– ఒక పాఠకుడు, జగిత్యాల

చివరిది ముందు. ఇంటి కరెంటును కంచెకు ఇవ్వడం నేరం, ప్రాణాంతకం. అడవిపందుల కోసం అలా పెట్టిన తీగలు తగిలి మనుషులు చనిపోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు. ఎక్కువసార్లు పోయేది పెట్టినవాళ్ల ఇంటి మనుషులో, పొద్దున్నే పొలానికి వెళ్లే పొరుగువాళ్లో.

పందులు కంచెను దూకవు, కింద నుంచి ముట్టెతో ఎత్తుతాయి. స్తంభాల మధ్య నేల మీద ఆరంగుళాల ఎత్తున కాంక్రీటు దిమ్మె పోయించి, జాలీ అడుగు అంచును అందులో కూర్చోబెట్టండి. పాములు 2 అంగుళాల గడిలోంచి హాయిగా వస్తాయి. కింది అడుగున్నర మేర అరంగుళం గడి జాలీ అదనంగా కట్టిస్తే చాలావరకు ఆగుతాయి, గేటు కింద సందు వదలకపోతేనే. కోతులకు మాత్రం చైన్‌లింక్ నిచ్చెన. వాటిని ఆపే కంచె లేదు, పైన కూడా జాలీ కప్పుకుంటే తప్ప.

*

"మేం డాలస్ శివారులో ఉంటాం. అమ్మా నాన్నా విజయవాడ నుంచి వచ్చి పెరట్లో గోంగూర, బెండ వేశారు. కుందేళ్లు మొలకలు ఉంచడం లేదు. చుట్టూ చైన్‌లింక్ వేద్దామంటే ఇక్కడ ఒప్పుకోరని కొందరంటున్నారు."
– ఒక పాఠకుడు, టెక్సాస్

స్తంభం కొనేముందు మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం నిబంధనల పత్రం చదవండి. అక్కడ చాలా కాలనీల్లో చైన్‌లింక్‌కు అనుమతి ఉండదు, కొన్నిచోట్ల వీధిలోకి కనిపించని పెరట్లో నల్లపూత జాలీకి ఒప్పుకుంటారు. ఏదైనా ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, నోటిమాట చెల్లదు.

కుందేళ్లకైతే చైన్‌లింక్ అవసరమే లేదు. పిల్ల కుందేళ్లు 2 అంగుళాల గడిలోంచి దూరిపోతాయి. మడి చుట్టూ రెండడుగుల ఎత్తున అంగుళం గడి కోళ్ల జాలీ కట్టి, అడుగు అంచును బయటివైపు మడిచి ఆరంగుళాల లోతున పూడ్చండి. నాన్నగారు ఒక పూటలో చేసేస్తారు.

అనుమతి వచ్చి పెద్ద కంచే వేసుకుంటే, నంద్యాల పాఠకురాలికి చెప్పినదంతా మీకూ వర్తిస్తుంది. డాలస్ కింద ఉన్నదీ తడిస్తే ఉబ్బి ఎండితే పగిలే నల్లమట్టే. గుంతలు తవ్వడానికి రెండు మూడు పనిదినాల ముందు 811కు ఫోను చేయండి. ఉచితంగానే మనుషులు వచ్చి, నేల కింద ఏ లైన్లు ఎక్కడున్నాయో తెలిసేలా నేల మీద రంగు గీతలు గీసి వెళతారు: కరెంటు కేబుళ్లకు ఎరుపు, గ్యాసుకు పసుపు, మంచినీళ్లకు నీలం. ఆ గీతల దగ్గర యంత్రం పెట్టకుండా చేత్తోనే తవ్వండి. పచ్చికకు నీళ్లు చల్లే గొట్టాలు మాత్రం మీ సొంతవి కాబట్టి వాళ్లు గుర్తించరు, అవి ఎటు వెళ్లాయో మీరే వెతుక్కోవాలి.